మాటల్లేని ఒక్క స్టార్

మా దుకాణానికి ఒక్క స్టార్ పెట్టింది ఎవరో మగాయన అని చూసి నాకు ముందు నవ్వొచ్చింది. నేను ఆడవాళ్ల జాకెట్లు తప్ప ఏమీ కుట్టను. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో మా ఇంటి ముందు గదే దుకాణం. రెండు మెషిన్లు, ఒక అద్దం, కూర్చోవడానికి బల్ల, అంతే. ఆ గదిలోకి మగవాళ్లెవరూ రారు. మా ఆయన కూడా మిల్లు డ్యూటీ నుంచి వచ్చి వెనక వాకిట్లోంచే ఇంట్లోకి పోతాడు.

ఆవర్‌పూర్ సిమెంటు కాలనీ నుంచి నా దగ్గరికి వచ్చే ఒక ఇంజనీరు భార్య మా దుకాణాన్ని ఫోన్ మ్యాప్‌లోకి ఎక్కించింది. తను ఐదు స్టార్లు పెట్టి, తన స్నేహితులతోనూ పెట్టించింది. కొందరు మరాఠీలో రాశారు, కొందరు తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. ఒకామె "చంక దగ్గర అస్సలు పట్టదు" అని రాసింది. జాకెట్ కుట్టేవాళ్లకు అంతకు మించిన బిరుదు ఉండదు. అది చదువుకుని ఆ రోజంతా మెషిన్ ముందు పాటలు పాడుకున్నాను.

ఆ తర్వాత వచ్చింది ఈ ఒక్క స్టార్. పైన మరాఠీ మగ పేరు, కింద ఒక్క మాట లేదు.

నా నవ్వు సాయంత్రం దాకా కూడా నిలవలేదు. మగాయన జాకెట్ కుట్టించుకోడు గనక ఎవరో ఒకావిడ మొగుడే అయ్యుండాలి. ఏ ఆవిడ? ఎవరి చెయ్యి బిగుతైంది, ఎవరి మెడ జారింది, ఎవరికి పండగ దాటాక ఇచ్చాను? నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది, దానికి అనుమానం తోడైంది. ఒక బ్యాంకు ఉద్యోగిని కొలతలు తీసుకుంటూ ఉండబట్టలేక "మీ ఆయన పేరేంటి?" అని అడిగేశాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "జాకెట్ మీద కుట్టాలా ఏం?" అంది. తర్వాత పేరు చెప్పాక ఆమె ఆయన కాదని తేలింది గానీ, నేను సిగ్గుతో చచ్చాను.

మామూలు రోజుల్లోనైతే నాలుగు రోజులు సణిగి మర్చిపోయేదాన్నే. కానీ సరిగ్గా అప్పుడే మెయిన్ రోడ్డు మీద ఒక షట్టర్ ఖాళీ అయింది. ముందు గదిలోంచి బయటపడి సొంతంగా ఒక బోర్డు పెట్టుకోవాలన్నది నా ఏళ్ల నాటి కోరిక. దాని యజమాని మరాఠీ పెద్దాయన, మేం కాకా అంటాం, ఆయన నన్ను అక్కా అన్నట్టు తాయీ అంటాడు. "దసరా లోపల చెప్పు తాయీ, మొబైల్ రిపేరు అతను కూడా అడుగుతున్నాడు" అన్నాడు. ముందు గదికి వచ్చేవాళ్లకు నేను తెలుసు. రోడ్డు మీదికి పోతే కొత్తవాళ్లు రావాలి. కొత్తవాళ్లు ఫోన్ చూసి వస్తారు. పెట్టినవాళ్లే తక్కువ మంది కాబట్టి ఆ ఒక్క స్టారుతో మా లెక్క బాగా కిందికి దిగింది. మా తర్వాత తెరిచిన రెడీమేడ్ దుకాణం మాకంటే పైన కనిపించేది.

నా బాధ స్టార్ తక్కువైనందుకే కాదు. దుకాణంలో నిలబడి తిడితే వినేదాన్ని. కుట్టు విప్పి మళ్లీ వేసిచ్చేదాన్ని. ఆ మాత్రం కూడా లేకుండా ముఖం చూపించని మనిషి ఒకడు వేలితో ఒక్కసారి నొక్కి పోవచ్చు, నేను మాత్రం ఎందుకని అడగకూడదు. ఇదేం న్యాయమని ఆ మ్యాప్ వాళ్లకే ఫిర్యాదు పెట్టాను. పరిశీలించామనీ, వాళ్ల నియమాలకు విరుద్ధంగా ఏమీ లేదనీ జవాబొచ్చింది. మాటే లేనప్పుడు నియమం ఎలా తప్పుతుంది? చివరికి ఆ స్టార్ కిందే, చదువుకున్న మరాఠీ అంతా కూడదీసుకుని మర్యాదగా రాశాను: "అన్నా, ఏం తప్పు జరిగిందో చెప్పండి. జాకెట్ పంపిస్తే ఊరికే సరిచేసి ఇస్తాను." జవాబు లేదు. రోజూ పొద్దున లేవగానే చూసేదాన్ని.

దసరా దగ్గర పడింది. ఒక ఆదివారం అన్నాల దగ్గర మా ఆయనతో చెప్పేశాను. "కాకాకు వద్దని చెప్తా. కొత్త జాగల ఇంకో నలుగురు గిట్లనే పెడితే ఏం జేస్త? ఇక్కడనే మంచిగుంది." మంచిగుంది అన్నానే గానీ, కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను.

మా అత్తమ్మ అప్పుడు మా ఇంట్లోనే ఉంది. విసాపూర్‌లో మా బావగారింట్లో కొన్నాళ్లు, మా దగ్గర కొన్నాళ్లు ఉంటుంది. మా దగ్గరున్నప్పుడు దుకాణం బల్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లతో మాట్లాడుతుంది, ఫోన్‌లో భజనలు చూస్తుంది. నా కుట్టు గురించి మాత్రం మంచీ చెడ్డా ఏమీ అనదు. అందుకే ఈ స్టార్ సంగతి నేను ఆమె ముందు ఎప్పుడూ ఎత్తలేదు.

"ఏం పెడితే ఏమైంది?" అంది ఆమె, పప్పు కలుపుకుంటూ.

మా ఆయన ఫోన్ తీసి చూపించాడు. కళ్లు చికిలించి చూసింది. "గదా? గది నేను పెట్టిందే."

మా ఆయన ఫోన్ మళ్లీ తన వైపు తిప్పుకుని చూశాడు. "నువ్వు పెట్టినవా? పేరు మగాయనది ఉన్నది గదనే."

"నాకెర్కనా? ఫోన్ అమ్మినోడే అన్నీ నొక్కి ఇచ్చిండు. వాని పేరు గావచ్చు."

నా కడుపు మండింది. అనుమానించని ఆడమనిషి లేదు, అడగని మొగుడి పేరు లేదు, ఆఖరికి ఇంట్లో మనిషా? "నేనేం పాపం జేసిన అత్తమ్మా?" అన్నాను.

ఆమె నావైపు వింతగా చూసింది. "పాపమేంది? గా సిమెంటు కాలనీ పిల్ల వచ్చిననాడు నా ఫోన్ల తీసిచ్చి మీరు సుత పెట్టుండ్రి అన్నది. చూస్తే అందరు ఐదు ఐదు పెట్టిండ్రు. ఒక్కటన్న తక్కువ లేదు. గట్ల నిండుగ ఉంచుతరా ఏడనన్న? పసిపిల్లకు బుగ్గ మీద కాటుక పెట్టకుంట బయటికి తీస్కపోతమా? నరుని కన్ను పడితె నల్లరాయి సుత పగుల్తది. నీ దుకాణమెంత బిడ్డా?"

"దాంతోని మా లెక్క తక్కువైంది అత్తమ్మా."

"తక్కువ గావాల్ననే పెట్టిన."

మా ఆయన నేను రాసిన మరాఠీ జవాబు చదివి వినిపించాడు. "నీ జాకెట్ పంపిస్తే ఊరికే సరిచేసి ఇస్తదంటనే అమ్మా." ఆమె ఒంటి మీది జాకెట్ చూసుకుంది. అది నేను కుట్టిందే. "నాదేం సరిజేసుడు? మంచిగనే ఉన్నది గదా" అంది.

నాకు నవ్వొచ్చింది, నవ్వుతుంటే ఏడుపొచ్చింది. మా ఆయన భయపడి నీళ్ల గ్లాసు అందించాడు. గుండె మీది నుంచి బండ దిగినట్టయింది. నా కుట్టు మీద కోపంతో చంద్రపూర్‌లో ఎవరూ తిరగడం లేదు. ఏ చెయ్యీ బిగుతు కాలేదు, ఏ మెడా జారలేదు. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే, ఎడమ చేత్తో కాకాకు ఫోన్ చేసి షట్టర్ నాకే కావాలని చెప్పాను.

స్టార్ తీసెయ్యమంటే మాత్రం అత్తమ్మ ఒప్పుకోలేదు. రోడ్డు మీది దుకాణానికి దిష్టి ఇంకా ఎక్కువ తగులుతుందట. కూరగాయల బేరంలాగా చాలాసేపు నడిచింది. నేను నాలుగు దగ్గర, ఆమె రెండు దగ్గర పట్టుపట్టాం. చివరికి మూడుకు ఒప్పుకుని తన వేలితోనే నొక్కింది. "గంతకు మించి పెట్ట" అని ఫోన్ కొంగులో దాచుకుంది.

దసరా రోజు షట్టర్ తీశాం. అత్తమ్మ పట్టుబట్టి గడప పక్కనే కుర్చీ వేయించుకుంది. మధ్యాహ్నం ఎవరో కొత్తావిడ పట్టుగుడ్డ పట్టుకుని వచ్చింది. మా మాటలు వినేసరికి తెలుగువాళ్లమని పోల్చుకున్నట్టుంది. నన్ను అడగకుండా ముందు అత్తమ్మనే అడిగింది, మీ కోడలు బాగా కుడుతుందా అని.

"ఏదో కుడ్తది" అంది అత్తమ్మ, నావైపు చూడకుండానే. "అంతంత మాత్రమే."

ఇదే మాట ముందు గదిలో ఉండగా అనుంటే ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలిగేది కాదు. నేను టేపు మెళ్లో వేసుకుని, నవ్వు కనబడకుండా తల వంచుకుని కొలతలు తీసుకున్నాను. అంత పెద్ద మెచ్చుకోలు ఆమె నోటి నుంచి నేను అంతకు ముందెన్నడూ వినలేదు.