అవిసె నూనె మానేసిన ఏడాది

మా రెండో బిడ్డ పుట్టిన ఏడాదే మా వంటింట్లో అవిసె నూనె ఆగిపోయింది. ఆ బిడ్డకు వచ్చిన జబ్బుకూ ఆ నూనెకూ సంబంధం ఉందని మా అత్తమ్మ చాలాకాలం నమ్మింది. ఆమెకంటే గట్టిగా నేను నమ్మాను.

అత్తగారి ఊరు చంద్రపూర్ వైపు, తెలుగూ మరాఠీ కలిసే చోట, విరూర్ స్టేషన్‌లో దిగి గంటసేపు నడిచేంత దూరం. నల్లరేగడి నేల. వానలు వెనకబట్టాక జొన్నతో పాటు అవిసె చల్లేవారు. చలికాలం పొద్దున చేలో నీలం పూలు విచ్చుకుని మధ్యాహ్నానికి రాలిపోయేవి. నేను రాజురాలో పల్లీ నూనె వాడే ఇంట్లో పెరిగిన దాన్ని. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆ అవిసె నూనె వాసనకు ముక్కు మూసుకుని తినేదాన్ని. తలుపులకు పూసే వార్నిష్‌ను అన్నంలో కలిపినట్టుండేది.

పెద్దవాడు కడుపులో పడ్డప్పుడు అత్తమ్మ నా తిండి మొత్తం తన చేతిలోకి తీసుకుంది. అవిసెలు దోరగా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు వేసి దంచేది. జొన్నరొట్టె మీద ఆ పొడి, పొడి మీద గానుగ నుంచి తెచ్చిన పచ్చినూనె. వారానికి ఒకటి రెండుసార్లు వాగులో పట్టిన చిన్న చేపలు, ముళ్లతో సహా నమిలి మింగాల్సిందే. నేను మొహం పక్కకు తిప్పుకుంటే బతిమాలేది కాదు, ఎదురుగా కూర్చునేది.

"బిడ్డ లోపట కట్టుకుంటున్నడు. సమురు లేకుంటే ఎట్ల కట్టుకుంటడు? తిను."

వాడు పుట్టాడు, పెరిగాడు. జలుబు చేసినా రెండు రోజుల్లో లేచి తిరిగేవాడు. అందులో నేను తిన్నదాని గొప్ప ఏమైనా ఉందని అప్పట్లో నాకు తోచలేదు.

తర్వాత మా ఆయనకు బొగ్గు బావిలో పని దొరికింది. కాలనీలో రెండు గదుల క్వార్టర్ ఇచ్చారు. మా ఎదురింట్లో కలర్ టీవీ, టీవీలో నూనె ప్రకటనలు. పారదర్శకంగా, రంగూ వాసనా లేకుండా ధారలా పడే నూనె. పూరీలు పొంగుతాయి, పిల్లలు నవ్వుతారు. కొత్త కొత్త ప్యాకెట్లు దుకాణాల ముందు వేలాడుతున్న రోజులవి. నేను ప్యాకెట్ నూనె తెచ్చాను, పండగలకు డాల్డా తెచ్చాను. నా వంటిల్లు మొదటిసారి నా ఇష్టప్రకారం నడుస్తున్నందుకు నాకు గర్వంగా ఉండేది.

రెండోసారి నెల తప్పినప్పుడు అత్తమ్మ ఊరి నుంచి వచ్చేవాళ్ల చేతికిచ్చి ప్యాసింజర్ బండిలో అవిసె నూనె డబ్బా పంపింది. మూత తీయగానే వాంతి అయింది. దాన్ని ఏం చేయాలో తెలియక కొన్నాళ్లు మంచం కింద పెట్టాను. చివరికి ఒక ఆదివారం గుడ్డముక్క ముంచి క్వార్టర్ తలుపులకు పూశాను. ఎండిపోయి పగుళ్లిస్తున్న చెక్క నిగనిగలాడింది. మా ఆయన చూసి బాగుందన్నాడు. ఆ తొమ్మిది నెలలూ చేపలు ముట్టలేదు. పూరీలు, బజ్జీలు, తెల్లటి అన్నం తిన్నాను.

పాప మూడో నెలలో ఉండగా బుగ్గలు ఎర్రబడ్డాయి. ముందు చెమటకాయలనుకున్నాను. తర్వాత మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక చర్మం పొక్కి నీరు కారేది. గోళ్లతో గీరుకోకుండా చేతులకు గుడ్డలు చుట్టేదాన్ని. మొదటి వానాకాలానికి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య గుంటలు పడేవి.

పక్క క్వార్టర్ ఆవిడ వచ్చి చూసి, ఇది పసిపిల్లల ఊపిరి పట్టేసే డబ్బా రోగమని, కడుపు మీద వాతలు పెట్టే ముసలాయన దగ్గరి ఊళ్లోనే ఉన్నాడని చెప్పింది. తన బిడ్డకు అలాగే తగ్గిందట. నేను పాపను ఎత్తుకుని బయల్దేరబోతున్నాను. అదే సమయానికి అత్తమ్మ సంచి భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. విషయం విని సంచి కింద పెట్టకుండానే పాపను నా చేతుల్లోంచి తీసుకుంది.

"వాతలు వద్దు. ఎవరు జెప్పినా వద్దు. దవాఖానకు పోదాం."

అంత గట్టిగా ఆమె మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు. కాలనీ దవాఖానలో మందిచ్చారు, పాప తేరుకుంది. సాయంత్రం అత్తమ్మ పొయ్యి దగ్గర కూర్చుని వంటింటి అరలన్నీ చూసింది.

"నేను తోలిచ్చిన నూనె ఏది?"

నా కళ్లు తలుపు వైపు వెళ్లాయి. ఆమె కూడా అటు చూసింది. లేచి వెళ్లి చేత్తో రాసి, వేళ్లు వాసన చూసుకుంది.

"తలుపుకు తాపినవు. బిడ్డకు తాపకపోతివి."

అంతే అంది. తర్వాత రెండేళ్లలో ఎన్నిసార్లు వచ్చినా ఆ మాట మళ్లీ అనలేదు. కానీ పాపకు ఆయాసం వచ్చినప్పుడల్లా ఆమె తలుపు వైపు చూసేది. ఆమె ఊళ్లో ఉన్నప్పుడు నేనే చూసేదాన్ని. పాపకు పాలిస్తున్నన్నాళ్లూ ఆ తప్పు దిద్దుకోవాలని పచ్చి అవిసె నూనె చెంచాలకు చెంచాలు తాగాను. విరేచనాలు పట్టుకుని మంచాన పడ్డాను. మా ఆయన కోప్పడ్డాడు.

"పిచ్చిదానివైనవా? ఇంతమంది ప్యాకెట్ నూనెనే తింటున్నరు. అందరి పిల్లలకు దమ్ము వచ్చిందా?"

రాలేదు. అదే నన్ను ఇంకా తినేసేది. అందరి పిల్లల్లో నా బిడ్డకే ఎందుకు?

పాపకు మూడో ఏడు నడుస్తుండగా ఒక చలికాలం పొద్దున ఆయాసం మందుకు లొంగలేదు. పెదవులు నీలిగా మారాయి. అత్తమ్మ అప్పుడు మా దగ్గరే ఉంది. జీపులో చంద్రపూర్ తీసుకుపోయాం. అక్కడి పిల్లల దవాఖానలో ముక్కుకీ మూతికీ తొడుగు పెట్టి ఆవిరి మందు ఎక్కించారు. మధ్యాహ్నానికి పాప ఊపిరి నెమ్మదించి నిద్రపోయింది.

డాక్టరమ్మ నన్ను గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది. ఇంట్లో ఇంకెవరికైనా ఆయాసం ఉందా, వంట దేని మీద చేస్తారు అని అడిగింది. బొగ్గు పొయ్యి అని చెప్పాను. బావిలో పనిచేసేవాళ్ల ఇళ్లలో అందరం బొగ్గు మీదే వండేవాళ్లం. పొద్దున పొయ్యిలు రాజేసే వేళకు కాలనీ అంతా పొగ కమ్ముకుని ఎదురిల్లు కనిపించేది కాదు. ఆమె అది రాసుకుంది. అప్పుడు నేను రెండేళ్లుగా గొంతులో పెట్టుకున్నది అడిగేశాను. కడుపుతో ఉన్నప్పుడు నేను అవిసె నూనె మానేశాను, చేపలు మానేశాను, దానివల్లే నా బిడ్డకు ఇలా అయిందా?

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కలం పక్కన పెట్టి మరాఠీలో నెమ్మదిగా చెప్పింది. తల్లి తినే కొవ్వు కడుపులో బిడ్డకు అందుతుంది, తర్వాత పాలలోకీ వస్తుంది, అది నిజం. కొన్ని రకాల కొవ్వులు మన ఒంట్లో తయారు కావు, తిండి నుంచే రావాలి. అవిసెల్లో ఒక రకం ఉంది, చేపల్లో ఒక రకం ఉంది. దేనితో పోట్లాడాలో, దేన్ని వదిలేయాలో బిడ్డ ఒళ్లు నేర్చుకునే వయసులో అవి సాయపడతాయని అనుకుంటున్నారు. ఎంత సాయమో ఇంకా తేల్చుకుంటూనే ఉన్నారు. "మీ అత్తగారు పెట్టిన తిండి మంచిదే. కానీ ఈ ఒక్క పిల్లను చూపించి, ఇది నూనె వల్ల వచ్చిందని నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. మీ చేతిలో ఉన్నది ఆ పొయ్యి. ముందు దాన్ని ఇంట్లోంచి తీసేయండి."

బయట వరండాలో అత్తమ్మ బల్ల మీద కూర్చుని ఉంది. బజారు మరాఠీ ఆమెకు వచ్చు గానీ డాక్టర్ల మాటలు అందవు. ఏమన్నదని అడిగింది. దాచకుండా మొత్తం తెలుగులో చెప్పాను. ఆమె తన అరిచేతులు తిప్పి చూసుకుంది.

"మీ ఆయన నా తొలిచూలు అనుకుంటున్నవు గదా," అంది. "కాదు బిడ్డా. ఆనికంటె ముందు ఒక పిల్ల."

నాకు తెలియదు. మా ఆయనకూ తెలియదని తర్వాత తెలిసింది.

"గప్పుడు మా అత్త పత్తెం పెట్టేది. కడుపుతోటి ఉన్నప్పుడు సమురు వద్దు, పిల్ల లావై కాన్పు కష్టమైతదని. బాలింతకు కారం మెతుకులే. ఆకలికి తాళలేక ఒకనాడు వాగుకాడ చేపలు కాల్చుకొని తిన్న. ఎవరో చూసి చెప్పిర్రు. పిల్లకు ఎనిమిదో నెలల దమ్ము వచ్చింది. వాతలు పెట్టిచ్చిర్రు. నేనే పిల్ల కాళ్లు పట్టుకున్న, కదలకుంట. మూడోనాడు పోయింది."

దవాఖాన ఆయా బకెట్ తీసుకుని మా ముందు నుంచి వెళ్లింది. ఆమె దాటేదాకా అత్తమ్మ ఆగింది.

"నువ్వు చేపలు తిన్నవు, గందుకే పిల్ల పోయిందని మా అత్త సచ్చేదాక అన్నది. మళ్ల కడుపైతే మంత్రసాని జెప్పింది, అవిసె తిను, సమురు తిను అని. తిన్న. మీ ఆయన పుట్టిండు, నిలవడ్డడు. ఇగ నాకు గా నూనెనే దేవుడైంది. నీకు గిట్ల కావద్దనే పెట్టిన. అయినంక, మా అత్త నన్ను అన్నట్టే నిన్ను అన్న."

"నువ్వు ఒక్కసారే అన్నవు అత్తమ్మా."

"ఒక్కసారి సాలదా?"

ఆమె ఏడవలేదు. నాకూ ఏడుపు రాలేదు. ఆ పిల్ల పేరేమిటని అడిగాను. ఏడాది నిండాక పెడదామన్నారట, పేరు పెట్టనే లేదంది. అప్పుడే నర్సు వచ్చి పాప లేచిందని, బిస్కట్ అడుగుతోందని చెప్పింది. ఇద్దరం ఒకేసారి లేచాం.

ఇంటికి వచ్చిన రోజే మా ఆయన బొగ్గు పొయ్యిని బయటికి ఈడ్చి రేకుల పందిరి కిందికి చేర్చాడు. గ్యాస్ కోసం పేరు రాయించాం. సిలిండర్ రావడానికి ఏడాది పైన పట్టింది. పాపకు ఆయాసాలు ఒక్కసారిగా పోలేదు, మెల్లగా దూరం జరిగాయి. ఏడేళ్లు వచ్చేసరికి వానాకాలంలో ఒకటి రెండుసార్లు తప్ప రాలేదు. చర్మం మాత్రం ప్రతి చలికీ పగిలేది.

నాకు మూడోసారి కడుపు వచ్చినప్పుడు అత్తమ్మ ఏమీ పంపలేదు. నేనే అడిగాను.

"ఊళ్లె గానుగ బందైంది," అంది. "మనోళ్లు అవిసె తీసేసి సోయా ఏసిర్రు. చంద్రపూర్ బజార్ల గింజలు దొరుకుతయేమో చూడు."

దొరికాయి. అదే పొడి చేసుకున్నాను, వారం వారం చిన్న చేపలు తెప్పించాను. ఈసారి నోటికి చేదనిపించలేదు. గ్యాస్ పొయ్యి అప్పటికి వచ్చేసింది. కొడుకు పుట్టాడు. బుగ్గలు ఎర్రబడలేదు, ఛాతీలో కూతలు రాలేదు. అవిసెలు తినడమో, పొయ్యి మారడమో, ఊరికే వాడి పుట్టుకో, ఏది కాపాడిందో చెప్పలేను. అత్తమ్మ వాణ్ని ఒళ్లో వేసుకుని వీపుకు చెవి ఆనించి వినేది. విని నా వైపు తల ఊపేది. ఇది నూనె వల్లేనని మాత్రం ఆమె ఒక్కసారీ అనలేదు. నేనూ అనలేదు.

వాడికి పది నెలలప్పుడు ఊరికి వెళ్లాం. ఒక పొద్దున అత్తమ్మ, పిల్లవాణ్ని ఎత్తుకుని రమ్మని నన్ను చేనికి తీసుకుపోయింది. సోయా మోకాలెత్తు పెరిగి ఉంది. గట్టు చివర, వాగు వైపు వాలుగా ఉన్నచోట ఆగింది. రాయి లేదు, గుర్తు లేదు. దున్నేవాళ్లు ఆ మూల వరకూ నాగలి రానివ్వరని, ఎందుకో వాళ్లకూ తెలియదని చెప్పింది. మామయ్య బతికుండగా పెట్టిన కట్టడి అది.

"గీడనే," అంది.

నేను పిల్లవాణ్ని భుజం మార్చుకుని ఆమె పక్కన నిలబడ్డాను. వాడు ఆమె కొంగు పట్టుకుని లాగుతున్నాడు. ఆమె వంగి అక్కడ మొలిచిన గడ్డి కాస్త పీకి పక్కన పడేసింది. చేతులు దులుపుకుని, ఎండ పడుతోంది పోదాం పా అంది.