స్టోర్ డ్యూటీ బౌలర్

సెలవు రోజు శుక్రవారం పొద్దున, గల్ఫ్ కూలీలుండే రుసైల్ క్యాంపు వెనక గులకరాళ్ల నేల మీద కూచుని రాజలింగు టెన్నిస్ బంతికి నల్ల టేపు చుడుతుంటే, బిడ్డకు జడ వేస్తున్నంత ఓపిక కనిపిస్తుంది. ఆ బంతిని తొడకు రుద్ది, మూతి బిగించి పరుగందుకుంటాడు. ఒకప్పుడు ఆ వేగం చూసి మురిసిపోయిన కంపెనీ మేనేజరు అతన్ని ఇనుము మోసే పని తప్పించి స్టోర్‌లో ఏసీ కింద కూచోబెట్టాడు. ఇప్పుడు భుజం పోయింది. అంగీ తొడుక్కోవాలన్నా ప్రాణం మీదికొస్తుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మొన్నటి మ్యాచ్‌లో అవతలి కంపెనీ తరఫున తన ఊరివాడే అయిన ఓదెలు బ్యాటు పట్టాడు. రాజలింగు వేసిన బంతి వేగం లేక ఈడ్చుకుంటూ పోయింది. ఓదెలు బ్యాటెత్తి, అట్లాగే ఆగిపోయాడు. అతని వెనక వికెట్లు పడ్డాయి. మేనేజరు లేచి చప్పట్లు కొట్టాడు. ఆట అయ్యాక నీళ్ల డ్రమ్ము దగ్గర రాజలింగు మెల్లగా అడిగాడు.

"కొట్టకపోతివేందిరా?"

"కొడితే నీ స్టోర్ డ్యూటీ పోతదన్నా," అన్నాడు ఓదెలు, నీళ్లకు దోసిలి పట్టి. ఆ అరచేతుల నిండా ఇనుము మోసిన కాయలు. మెత్తబడిన తన చేతుల్ని రాజలింగు వెనక్కి దాచుకున్నాడు.