రోడ్డు మీద రాగికంకులు

పోయిన కార్తీకంలో మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పంలో పెళ్లికి పోయాం. కారు నడిపింది నా మనవరాలు పద్మ. కుప్పం దగ్గర పడ్డాక రైతులు రాగికంకులు రోడ్డు మీదే ఎడమపక్క అక్కడక్కడా పరిచి ఉంచారు. వచ్చేపోయే బండ్లే తొక్కి గింజలు రాలుస్తాయి, కూలి ఖర్చు లేదు. ఆ ఉపాయం నాకు నచ్చింది.

మా ముందు మోటారుసైకిల్ మీద మొగుడూ పెళ్లామూ, నడుమ పసిబిడ్డ. పద్మ బాగా వెనకే ఉండి నిదానంగా నడుపుతోంది. ముహూర్తం దాటిపోతుందని నా తొందర.

"యాల ఈ నత్తనడక? హారన్ కొట్టి దాటుకోని పో."

"కొడితే ఆయప్ప బెదురుతాడవ్వా. కంకుల మీద టైరు జారతాది. తప్పించుకునేదానికి నడిమికి వస్తాడు సూడు."

అన్నట్టే అతను చటుక్కున మా దారిలోకి తిరిగాడు. పద్మ దాటబోయి ఉంటే ముగ్గురూ మా చక్రాల కింద పడేవాళ్లే.

కొంత దూరం పోయాక టీ అంగడి దగ్గర రెండు బండ్లూ ఆగితే, ఆ బిడ్డతల్లి నా దగ్గరికొచ్చింది. "వెనక కారుండాదని మేం సూడనే లేదమ్మా. ఇంత మంచి డ్రైవరమ్మ మీకు యాడ దొరికింది?"

"దొరకలేదమ్మా. మా ఇంట్లోనే పుట్టింది," అన్నాను.

పద్మ నవ్వుతోంది. పొగిడితే తలకెక్కుతుందని గట్టిగానే చెప్పాను: "నవ్వింది సాలు, బండెక్కు. నిదానంగానే పోనీ. తాళి కట్టేది సూడకపోయినా, అన్నం పెట్టకుండా పంపర్లే."