అందరూ చప్పట్లు కొట్టిన ఒప్పందం

వాతావరణ చర్చలు ముగిసిన ప్రతిసారీ, వాటివల్ల ఒరిగిందేమిటో తేల్చి పత్రికకు రాయడం ఆవిడ పని. ఆఫీసులో అందరికీ ఆవిడ అనుమానాలక్క. ఒప్పందం చేతికొచ్చినా ముందు చదవదు, హాల్లో మొహాలు చూస్తుంది. ఊళ్లో అన్నదమ్ముల ఆస్తి తగాదాలు తీర్చే ఆవిడ నాన్న నేర్పిన విద్య అది: "పంపకాలయ్యాక ఒక్కడి మొహమైనా మాడలేదంటే, అక్కడ ఏమీ పంచలేదన్నమాటేనమ్మా."

ఈసారీ హాలంతా చప్పట్లే. పొగ కక్కే పెద్ద దేశాలవాళ్లు ఒకర్నొకరు కావలించుకుంటున్నారు.

"చూడు, ఎంత సంబరమో! పొగ తగ్గించే బరువు ఒక్కడూ నెత్తికెత్తుకోలేదు," అని పక్కనున్న ఫొటోగ్రాఫర్‌తో విసుక్కుంది.

"ఒక్క మొహం మాడిందక్కా," అంటూ అతను కెమెరా చూపించాడు. చివరి వరసలో, సముద్రం మింగేస్తున్న చిన్న దీవి ప్రతినిధి చేతులు కట్టుకుని కూర్చుంది.

అనుమానాలక్క కెమెరా అందుకుని ఆ మొహాన్ని దగ్గరగా చూసింది.

"అయితే పంచుకున్నార్రా," అంది. "ఆవిడ దీవినే పంచుకున్నారు."