నాట్ల పాటలో నా వంతు

“ఆ రికార్డు పెట్టవే” అన్నాడు ఆయన, మంచం మీంచే.

“లేచి మీరే పెట్టుకోండి” అన్నాను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. సాయంత్రానికి పోయాడు.

నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు సుజాత రాస్తోంది. దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. బతికున్న మనిషి చేసింది చూశాక చచ్చినవాళ్లంటే ఇంక భయమేమిటి?

ఆ రికార్డు మా పెళ్లయిన కొత్తలోది. ఆయన సింగపూర్‌లోనే పుట్టినవాడు. నలుగురు స్నేహితులు గిటార్లు, డ్రమ్స్ పెట్టుకుని మన పల్లె పాటలు పాడేవాళ్లు. మగాడు జుట్టు పెంచితే సర్కారు ఆఫీసుల్లో అందరికన్నా ఆఖరున పిలిచే రోజులవి. అందుకే అట్ట మీది ఫొటోలో నలుగురూ జుట్టు కాలరు లోపలికి దోపుకుని ఉంటారు.

అందులో నాట్ల పాట మా అమ్మది. నేనే నేర్పాను. నాట్లేసేటప్పుడు ఒకరు పాడితే మిగతావాళ్లు అందుకోవాలి. రికార్డింగులో ఆయన పాడాడు, నేను అందుకున్నాను. తీరా రికార్డు వచ్చాక వింటే నా వంతు వచ్చిన చోటల్లా ఉత్త గిటారే.

“కొబ్బరి కోరినట్టుంది నీ గొంతు. చెరిపించేశాను” అన్నాడు.

అంతటితో ఊరుకున్నాడా? బుకిట్ బటోక్‌లో మా ఫ్లాటుకు ఎవరొచ్చినా ఆ పాట పెట్టేవాడు. నా వంతు రాగానే నా వైపు చూసి పెదవి మీద వేలు పెట్టుకునేవాడు.

“ఆంటీ పాడరా అంకుల్?” అని ఎవరైనా అడిగితే, “పాడుతుంది, వంటింట్లో మిక్సీతో పోటీగా” అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేను కాఫీలు అందించేదాన్ని. ముసలివాళ్లమయ్యాం, ఆ వేలు మాత్రం ఆగలేదు.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక, అప్పట్లో డ్రమ్స్ వాయించిన గోపాలు ఆ పాట పెట్టాడు. పట్టపగలు, ఇల్లంతా జనం.

గిటారు మొదలైంది. ఆయన గొంతు రాలేదు. ఆయన పాడాల్సిన చోటు ఖాళీగా పోయింది. తర్వాత నా వంతు. నా గొంతు వచ్చింది. వయసులో ఉన్నప్పటి గొంతు, అదే గరగర.

గోపాలు చేతిలోని తమలపాకు జారి పడింది. “వదినా, ఇది నా కళ్ల ముందే చెరిపారు కదా” అన్నాడు.

“పెద్దమ్మా, ఇది నువ్వా?” అంది సుజాత.

“నేను కాక ఇంకెవరే.”

పాట చివరిదాకా అంతే. మిగతా పాటల్లో మాత్రం ఆయన గొంతు శుభ్రంగా ఉంది. మర్నాడు ఆంగ్ మో కియో వెళ్లి, గోపాలు ఇంట్లో ఉన్న అదే రికార్డు పెట్టి విన్నాం. అందులో ఎప్పటిలాగే ఆయన గొంతు, గిటారు. మా ఇంటిదాంట్లో ఇప్పటికీ నేనొక్కదాన్నే.

ఆ ఆఖరి రోజు ఆయన ఎందుకు పెట్టమన్నాడో, పెట్టి ఉంటే ఏం వినిపించేదో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా అంతు దొరకలేదు. ఏడుపు మాత్రం రాలేదు. రోజూ ఆ పాట పెట్టుకుంటాను. ఆయన పాడాల్సిన చోటు రాగానే, దండ వేసిన ఫొటో వైపు చూసి పెదవి మీద వేలు పెట్టుకుంటాను.

అయిందా సుజాతా? నీ చదువు మాటలేవీ కలపలేదు కదా. ఏదీ, మొదటి నుంచి చదువు. ఇందులోనైనా నన్ను ఉంచావో చెరిపేశావో వింటాను.