మూడో వంతు, నాలుగో వంతు

టీచరుగా పనిచేసినన్నాళ్లూ భిన్నాల పాఠం వచ్చిందంటే నాకు గుండె దడే. నల్లబల్ల మీద గుండ్రంగా ఒక రొట్టె గీసి నాలుగు ముక్కలు చేసేసరికి, నా వెనకాల ఒక పెద్దపిల్ల మోకాళ్లు వంచి, ముఖం ముందుకు చాచి నిలబడినట్టు అనిపించేది. తిరిగి చూస్తే పిల్లలు ఎవరి చోట వాళ్లు కూర్చుని ఉండేవాళ్లు. అయినా మళ్లీ మళ్లీ తిరిగి చూసేదాన్ని. ఇప్పుడు ఉద్యోగం లేదు. ఆ పెద్దపిల్ల మాత్రం ఎక్కడికీ పోలేదు.

పాకాల నుంచి చిత్తూరు పోయే దారిలో ఒక చిన్న పల్లె మాది. డెబ్బైల్లో మా బడికి ఒకే గది, ఒకే అయ్యవారు. ఒకటి నుంచి ఐదు దాకా తరగతికొక వరస చొప్పున అందరం ఆ గదిలోనే కూర్చునేవాళ్లం. ఇలాంటి బడి మంచిదా చెడ్డదా అని టీచరు ట్రైనింగులో మాచేత వ్యాసం రాయించారు. మంచీ రాశాను, చెడూ రాశాను, మార్కులు బాగానే వేశారు. అసలు సంగతి మాత్రం రాయలేదు. రాయడానికి నాకు మొహం చెల్లలేదు.

మంచి లేదని ఎలా అంటాను, అదంతా నాకే దక్కిందాయె! మూడో తరగతి వరసలో కూర్చుని చూచిరాత రాస్తుంటే ఐదో తరగతి పాఠం దానంతటదే చెవిన పడేది. చెయ్యి ఒకచోట, చెవి ఒకచోట. అలా ఏళ్లకు ముందే ఐదో తరగతి లెక్కలు నా నోటికి వచ్చేశాయి. నేను అసలే నోటి దురుసు పిల్లని. తెలిసింది కడుపులో దాచుకునే రకం కాదు.

మా ఎదురింట్లో ఒక అక్క ఉండేది. అప్పుడు తనది ఐదో తరగతే గాని, ఆలస్యంగా బడిలో వేశారు కాబట్టి నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. వానాకాలంలో ఊరి వంక పొంగితే నన్ను చంకనెత్తుకుని దాటించేది. నా వేలు పట్టుకుని ఇసుకలో అక్షరాలు దిద్దించింది కూడా ఆమే. అయ్యవారు ఎప్పుడు కనిపెట్టారో గాని, పసిపిల్లలు ఆమె మాట వింటారని ఒకటో తరగతిని మొత్తం ఆమెకు అప్పజెప్పేశారు. బడి వసారాలో ఇసుక పోసుకుని, పదిమంది పిల్లల్ని ముందేసుకుని కూర్చునేది. అక్షరాలు దిద్దించేది, ఏడిస్తే ఎత్తుకునేది. ముక్కు కారుతుంటే పావడా అంచు పెట్టి, ముక్కు పట్టుకుని, "సీదు మే," అనేది. వాళ్లు బుద్ధిగా చీదేవాళ్లు.

లోపల ఐదో తరగతి పాఠం జరిగేటప్పుడు ఆమె బయట ఉండేది. ఒకసారి గుమ్మం దాకా వచ్చి, "అయ్యోరా, మా లెక్కలు అయిపోతా ఉండాయి," అనింది.

"నీకు తర్వాత సెప్తాలే మే, ముందు ఆ బిడ్డల్ని సూడు," అన్నారు అయ్యవారు. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదు. ఆయన్ని తిట్టాలని చాలాసార్లు అనుకున్నాను. ఐదు తరగతులు నా నెత్తిన పడ్డాక గాని ఆయన బాధ తెలియలేదు. తెలిసినా, ఆ కోపం మాత్రం పూర్తిగా తీరలేదు.

ఆరో తరగతి చదవాలంటే మూడు మైళ్ల అవతల ఉన్న హైస్కూలుకు పోవాలి. అక్కవాళ్ల నాయన ఆడపిల్లకెందుకు అన్నాడు. అయ్యవారు బతిమాలితే, "సరే, ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు బాగా సెప్తే పంపిస్తా. అప్పుడు సూస్తాం," అన్నాడు. అక్కకు అదే చాలు. హైస్కూలులో నీలం పావడా వేసుకోవాలంట అని దారి పొడుగునా చెప్పేది. వాళ్లమ్మను సతాయించి నీలం గుడ్డ కూడా కొనిపించింది. నేను దాన్ని పట్టుకుని చూశాను, కొత్త గుడ్డ వాసన వేసింది.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు అక్కవాళ్ల నాయన లేత టెంకాయలు తెచ్చి, బడి గుమ్మం దగ్గర కూర్చుని మచ్చుకత్తితో కొడుతున్నాడు. బిడ్డ ఏం చెబుతుందో విందామనే వచ్చి ఉంటాడు. ఐదో తరగతిలో తెలివైనవాళ్లెవరని ఇన్‌స్పెక్టరు అడిగితే అయ్యవారు అక్కను పిలిచారు. చేతులకంటిన ఇసుక దులుపుకుంటూ వచ్చి నిలబడింది.

"మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?" అని అడిగాడాయన.

అక్క కాసేపు ఆలోచించి, "నాలుగో వంతు సార్," అనింది.

"ఎట్లా?"

"మూడు కంటే నాలుగు పెద్దది గదా సార్."

ఇన్‌స్పెక్టరు పకపకా నవ్వాడు. నన్ను ఎవరూ అడగలేదు, ఎవరూ లేపలేదు. నేనే దిగ్గున లేచి, "మూడో వంతే పెద్దది సార్!" అని అరిచాను. ఆయన మురిసిపోయి, "భేష్! రా పాపా, ఆ పిల్లకు ఒకటి వెయ్యి," అన్నాడు.

మా బడిలో అదొక పద్ధతి. జవాబు చెప్పినవాళ్లు, చెప్పలేనివాళ్ల ముక్కు ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో లెంపకాయ వెయ్యాలి. మెల్లగా వేస్తే ఆ దెబ్బ తిరిగి మనకే పడుతుంది. నేను మునివేళ్ల మీద నిలబడ్డా అక్క ముక్కు అందలేదు. బడంతా గొల్లుమంది. అప్పుడు అక్క మోకాళ్లు వంచి, ముఖం నా ఎత్తుకు దించింది. "కొట్టు మే, ఏం గాదు," అని నాకు మాత్రమే వినపడేలా అనింది.

కొట్టాను. గట్టిగానే కొట్టాను. మెల్లగా కొడితే నాకు పడుతుందన్న భయంతో కొట్టానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఆ నిమిషాన నాకు ఒళ్లు తెలియని సంతోషం. ఆ సంతోషమే నన్ను ఇన్నేళ్లుగా పీడిస్తోంది.

అక్కవాళ్ల నాయన కత్తి కిందపెట్టి లేచాడు. "సాల్లే. మూడో తరగతి బిడ్డ సేత దెబ్బ తింటివి, ఇంక నీకు హైస్కూలెందుకు? పామ్మే ఇంటికి," అన్నాడు.

"అట్లా గాదప్పా, ఆ బిడ్డ ఒకటో తరగతిని..." అని మొదలుపెట్టిన అయ్యవారు ఇన్‌స్పెక్టరు వైపు చూసి నోరు మూసుకున్నారు. తన పని ఒక పిల్ల చేత చేయిస్తున్నానని పైఅధికారి ముందు ఎలా చెబుతారు? ఆ ఒక్క మాట చెప్పి ఉంటే! అక్క ఏడవలేదు. పలక తీసుకుని నాయన వెనకాల నడిచి వెళ్లిపోయింది. వసారాలో పసిపిల్లలు, "అక్కా, అక్కా," అని ఏడుపు లంకించుకున్నారు.

మళ్లీ ఆమె బడికి రాలేదు. నీలం గుడ్డ వాళ్లింట్లో చంటి తమ్ముడి ఊయల మీద కప్పడానికి పనికొచ్చింది. నేను ఆ ఇంటి ముందు నుంచి తల దించుకుని పోయేదాన్ని. నేను ఐదులోకి వచ్చినప్పుడు అయ్యవారు ఒకటో తరగతిని చూసుకోమంటే ఠక్కున కుదరదన్నాను. అంత గడుసుదాన్ని. అప్పటికే అక్కకు పెళ్లయి ఎక్కడికో వెళ్లిపోయింది.

ఎనభైలు గడిచిపోయే రోజుల్లో, తిరుపతి బస్టాండులో, "పాపా! నువ్వు మా ఎదురింటి పాపవు గదా!" అని ఎవరో చెయ్యి పట్టుకున్నారు. చూస్తే అక్క. కొండ దిగి వస్తోంది. గుండుకు చందనం, పక్కన ఎనిమిదేళ్ల కూతురు. నేను టీచరునయ్యానని చెబితే ఆమె సంబరం ఇంతా అంతా కాదు. "సూడు మే, ఈ అయ్యోరమ్మకు అచ్చరాలు దిద్దించింది నేనే," అని కూతురికి చెప్పింది. 

"అక్కా, ఆ పొద్దు..." అన్నాను. 

"అదా! నీకు అందకపోతే నేనే గదా వంగితిని," అని నవ్వింది. గొంతు తగ్గించి, "అయితే పాపా, ఒకటి అడగల్ల. నాలుగో వంతు ఎందుకు పెద్దది గాదు? ఇన్నేండ్లూ ఎవుర్నడగాలో తెలీలే," అనింది.

నేను వాళ్ల సంచిలోని లడ్డు ఒకటి తీసి చూపించాను. "ఇది ముగ్గురికి సమంగా పంచితే ఒక్కొక్కరికి వచ్చేది మూడో వంతక్కా. నలుగురికి పంచితే వచ్చేది నాలుగో వంతు." రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

అక్క లడ్డు వైపే చూస్తూ ఉండిపోయింది. "ఇంతేనా? మనుషులు ఎక్కువైతే ముక్క సిన్నదవుతాది. ఇది దినామూ ఇంట్లో నేను సేసే పనే గదా పాపా," అనింది. "ఇంతేనా?" అని మళ్లీ అనింది.

అంతమంది జనంలో నిలబడి నేను భోరుమన్నాను. కళ్లూ ముక్కూ ఏకమయ్యాయి. అక్క కంగారుపడి, "ఛీ ఛీ, అయ్యోరమ్మవు, ఏడుస్తారా?" అంటూ కొంగు తీసి నా ముక్కు పట్టుకుంది.

"సీదు మే," అనింది.