ఒత్తుల పెద్దమ్మ ఫోన్ పాఠం

పెద్దమ్మ ఆకలికి ఓర్చుకోగలదు, ఎండకు ఓర్చుకోగలదు. ఉండాల్సిన చోట ఒత్తు లేకపోతే మాత్రం ఓర్చుకోలేదు. బతుకంతా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. ఉద్యోగం ఆవిణ్ణి వదిలేసింది గానీ ఆవిడ ఎర్ర పెన్నును వదల్లేదు. వీధి వీధంతా ఆవిణ్ణి 'ఒత్తుల పెద్దమ్మ' అంటుంది. ఆవిడ వస్తోందంటే కూరగాయల బండివాడు ధరల పలకను వెనక్కి తిప్పేస్తాడు.

ఒకసారి పన్ను సలిపి, దవడ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళింది. గుమ్మం మీద 'పంటి భాదకు చికిత్స' అని బోర్డు. అంతే, కుర్చీలో కూర్చోనంది. డాక్టరును పక్కకు పిలిచి, నర్సుకు వినపడకుండా చెవిలో చెప్పింది.

"డాక్టరుగారూ, ఆ 'బ' కింద ఒత్తు తీసి 'ద' కింద పెట్టించండి. నా పన్ను తీయడం కంటే తేలికే."

"ముందు మీ నొప్పి సంగతి చూద్దామమ్మా!"

"నా నొప్పి ఆగుతుంది. బోర్డు ఆగదు. దారిన పోయేవాళ్ళు చదివి మిమ్మల్ని చూసి నవ్వుతారు."

ఆవిడ చెల్లెలి కొడుకొకడున్నాడు. కాలేజీని మధ్యలో వదిలేసి, కంప్యూటర్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. వాణ్ణి అందరూ 'మెకానిక్' అనే పిలుస్తారు. పెద్దమ్మ కంప్యూటర్‌లో యాంటీవైరస్ వేసింది వాడే. వేసిన రోజు ఛాతీ విరుచుకుని, "ఇక చీమ కూడా దూరదు పెద్దమ్మా!" అన్నాడు.

"చీమ సరే. ఏనుగొస్తేనో?"

"ఏనుగెందుకొస్తుంది?"

"ఏమోరా. నువ్వు చీమ గురించే చెప్పావు కదా, అందుకని అడిగా."

ఆ కంప్యూటర్‌లో ఓ పుస్తకం ఉంది. రిటైరైన బస్సు డ్రైవరొకాయన తన జీవితాన్ని చెప్పుకుంటూ పోతే పెద్దమ్మ టైపు చేసి పెట్టింది. ఆయనకు చూపు ఆనదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పమంటే ఓపికా లేదు. ఇంకో కాపీ తీసి పెట్టాల్సిన మెకానిక్ "రేపు తీస్తా, రేపు తీస్తా" అంటూ నెట్టుకొచ్చాడు.

చివరికి ఒకరోజు బద్ధకం వదిలించుకుని వచ్చేసరికి తలుపు లోపల గడియ వేసి ఉంది. పెద్దమ్మ గొంతు మాత్రం ఖంగుమంటోంది. వాడు కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కిటికీ పక్కనే బల్ల, బల్ల మీద కంప్యూటర్. తెర నిండా ఎర్రటి ప్రకటన: 'మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది! మీ ఫైళ్ళ భాద్యత మాది. వెంటనే ఫోన్ చేయండి!'

ఫోన్ స్పీకర్‌లో ఓ కుర్ర గొంతు బతిమాలుతోంది. "అమ్మా, ఆ నీలం బటన్ ఒత్తండమ్మా."

"ఒత్తడం తర్వాత నాయనా. ముందు నీ ఒత్తు సంగతి తేల్చు. 'బాధ్యత'లో అదెక్కడుండాలి?"

మెకానిక్ కిటికీ ఊచలు పట్టుకుని ఊపాడు. "పెద్దమ్మా! నువ్వే ఫోన్ చేశావా వాళ్ళకి?"

"చెయ్యొద్దూ? అంత తప్పును ఎర్రక్షరాలతో ఊరంతా చూపిస్తున్నారు!"

"వాళ్ళు దొంగలు! వైరస్సూ లేదు, గియిరస్సూ లేదు. తలుపు తియ్యి!"

"పాఠం మధ్యలో లేవకూడదు. ఆగు."

తెర మీద బాణం తనంతట తానే కదులుతోంది. అంటే దూరం నుంచే కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రామేదో వాళ్ళు చెప్తే ఆవిడ అప్పటికే పెట్టేసింది. ఎందుకు పెట్టావంటే, "వాడు రాస్తే నేను చూడాలిగా!" అంది. మూలన మెకానిక్ వేసిన యాంటీవైరస్ ఆకుపచ్చ టిక్కుతో హాయిగా కూర్చుంది. దాని తప్పేముంది? ఇంటావిడే తలుపు తీసి కుర్చీ వేస్తే కాపలావాడు సలాం కొట్టక ఏం చేస్తాడు?

ప్రకటన పక్కకు జరిగి, ఓ ఖాళీ పేజీ తెరుచుకుని, అందులో 'భాద్యత' పడింది. చెరిగింది. 'బాధ్యత' పడింది.

"భేష్! వచ్చిందిగా! మరి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదా?"

"లేదమ్మా. చిన్నప్పుడు బోర్డు మీద తప్పు రాస్తే క్లాసంతా నవ్వారు. మర్నాటి నుంచి బడికి పోలేదు."

"నవ్వినవాళ్ళలో ఒక్కడైనా దిద్దాడా?"

"లేదమ్మా."

"దిద్దనివాడికి నవ్వే హక్కెక్కడిది? నువ్వు రాయి నాయనా. నేను నవ్వను."

ఊచలు పట్టుకుని ఊపుతున్న మెకానిక్ చేతులు ఆగిపోయాయి. కాలేజీలో తనను చూసి నవ్వినవాళ్ళు వాడికి వరసగా గుర్తొచ్చారు.

అంతలో స్పీకర్‌లో వెనక నుంచి ఓ బొంగురు గొంతు. "ఎంతసేపురా? ఆ పెద్ద ఫైలుకు తాళం వేసెయ్, తొందరగా!"

"విన్నావా? మన పుస్తకానికి తాళం వేసి భద్రం చేస్తారట," అంది పెద్దమ్మ మురిసిపోతూ.

"భద్రం కాదు పెద్దమ్మా, తాళం చెవి వాళ్ళ దగ్గరుంటుంది, డబ్బు గుంజందే ఇవ్వరు! డ్రైవరుగారి పుస్తకం పోయినట్టే!"

బాణం మెల్లగా డ్రైవరు పుస్తకం మీదికి వెళ్ళింది. అక్కడే నిలబడింది. కుర్ర గొంతు పైకి మాత్రం గట్టిగా, "అయిపోవచ్చిందమ్మా, ఒక్క నిమిషం!" అంది. బాణం వెనక్కి వచ్చింది. ఖాళీ పేజీలో ఒక్కో అక్షరం పడింది.

'అమ్మా వైరు పికేయండి'

పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "ఇదేంటి నాయనా, 'ప'కు గుడి ఇచ్చి ఊరుకున్నావు? దీర్ఘమేదీ?"

"పెద్దమ్మా! దీర్ఘం తర్వాత, ముందు పీకు!"

"తప్పును అలా వదిలేసి ఎలా లేస్తానురా?"

కీబోర్డు దగ్గరికి లాక్కుని, 'పికేయండి'ని 'పీకేయండి' చేసి, ఓసారి తృప్తిగా చదువుకుని, అప్పుడు వంగి వైరు పీకింది. తెర నల్లబడింది.

తలుపు తీయగానే మెకానిక్ లోపలికి దూకాడు. కంప్యూటర్‌ను విప్పి, దొంగల ప్రోగ్రాం ఊడగొట్టి, పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగేశాడు. బస్సు ఒక్క స్టాపు కూడా తప్పిపోలేదు. ముందు కాపీ తీశాడు. తర్వాతే మంచినీళ్ళు తాగాడు.

"ఇంతకీ నీ యాంటీవైరస్ ఏం చేసిందిరా?"

"అది వైరస్సుల్నే పడుతుంది పెద్దమ్మా. నువ్వు పిలిచి కూర్చోబెట్టినవాళ్ళని పట్టదు."

"మరి నేనేం పట్టాను?"

"దొంగనే పట్టావు. మంచివాణ్ణి చేసి మరీ వదిలేశావు," అన్నాడు వాడు. పొగడ్తలు చేతకాని నోరు, అంతకంటే రాలేదు. డ్రైవరుగారింటికి కాపీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు మాత్రం అడగకపోయినా చెప్పాడు, దారిలో చాకలాయనకు చెప్పాడు, మందుల షాపులో చెప్పాడు. చెప్పిన ప్రతిచోటా "మా పెద్దమ్మ" అన్న మాట దగ్గర వాడి కాలరు ఇంకాస్త పైకి లేచింది.

తిరిగొచ్చేసరికి పెద్దమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని దిగులుగా కూర్చుని ఉంది.

"ఎవరికి చేస్తున్నావు? మళ్ళీ వాళ్ళకేనా!"

"కలవడం లేదురా. నేను దీర్ఘం పెట్టింది వాడు చూశాడో లేదో. పాపం, ఆ పిల్లాడు ఇంకెంతమందికి రాయాలో వైరు పీకేయమని. తప్పు లేకుండా రాయొద్దూ?"